కాలు మోపేదాకా

ఎవ్‌పతోరియా,
1958 జూన్ 9

నా ప్రియమైన గ్లేబ్‌కి,

ఇవాళ పొద్దున మా మంచాలన్నీ సముద్రం ఒడ్డుకి తోసుకొచ్చారు. చక్రాలు ఇసుకలో దిగబడిపోతుంటే ఆయాలు మమ్మల్నీ, మంచాలనీ, మంచాలు చేసినవాణ్నీ కలిపి తిట్టుకుంటూ తోశారు. నవంబరులో నన్నిక్కడికి తెచ్చి పడుకోబెట్టిన దగ్గర్నుంచి నాకు లోకమంటే వార్డు పైకప్పే. ఇవాళ ఆకాశం చూశాను. అది అంత పెద్దదని మరిచేపోయాను సుమా.

ఇన్నేళ్లు లెనిన్‌గ్రాడ్ వీధుల్లో ట్రాము నడిపినదాన్ని, ఇప్పుడు నన్ను నాలుగు చక్రాల మీద ఇంకొకళ్లు నడుపుతున్నారు. మలుపు దగ్గర బ్రేకు వెయ్యడం ఒక్కరికీ చేతకాదు.

నా పక్క మంచం పెలగేయా పిన్నిది. ఖెర్సోన్ వైపు పల్లెటూరు. ఆమెకీ నాలాగే తుంటి ఎముకలో క్షయ. నీ ఉత్తరాలు వచ్చినప్పుడల్లా ఆమెకి చదివి వినిపించాల్సిందే. మొన్న అడిగింది: "ఏమే పిల్లా, నీ మొగుడు నీకు వైద్యుడా, కుక్కలకి వైద్యుడా?"

"కుక్కలకే పిన్నీ."

"పోన్లే, దేనికో ఒకదానికి పనికొస్తాడు. మా ఆయన దేనికీ కాడు."

గ్లేబ్, నీ కొత్త పని గురించి రెండు ముక్కలు రాసి ఊరుకున్నావు. జబ్బేమీ లేని కుక్కలకి ఒక ముందరికాలికి పిండికట్టు వేసి, అది నేలకి తగలకుండా చేసి, లోపల ఎముక ఏమవుతుందో చూస్తున్నామని. ఆ రెండు ముక్కలూ నేను ఎన్నిసార్లు చదివానో నీకు తెలీదు. నీ కుక్కలకి ఒక కాలికే కట్టు. నాకు రొమ్ము కింద నుంచి పాదం దాకా. మరి నా ఎముక ఏమవుతోంది? మా డాక్టరు రిమ్మా ఒసిపోవ్నా గారిని అడిగితే, "సూదులు బాగా పనిచేస్తున్నాయమ్మా, కదలకుండా పడుకో, అదే నీ పని" అంటుంది. మంచి మనిషే. కానీ అడిగినదానికి జవాబు అది కాదు.

నువ్వు రాయి. మనిషికి రాసినట్టు రాయి, రోగికి రాసినట్టు కాదు.

సముద్రం మీంచి గాలి వీచినప్పుడు దుప్పటి అంచు ఎగిరి నా చెయ్యి మీద పడుతోంది. కళ్లు మూసుకుంటే నీ చెయ్యే అనుకోవచ్చు. అనుకున్నాను కూడా.

నీ కోసం చూసే,
వార్యా


లెనిన్‌గ్రాడ్,
1958 జూన్ 18

వార్యా, నా బంగారూ,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. ఎమ్మా కార్లోవ్నా గారు తన పొయ్యి దగ్గర చేపలు వేయిస్తున్నారు. "ఏమంటోంది మీ ఆవిడ? లేచిందా?" అన్నారు.

"ఆకాశం చూసిందట" అన్నాను.

ఆవిడ చేప తిరగేశారు. "ఇక్కడా ఉంది ఆకాశం. వచ్చి చూసుకోమనండి" అంటూ ఒక చేప తీసి నా పళ్లెంలో పడేశారు. అయిదు కుటుంబాలు వండుకునే మన వంటింట్లో ఆవిడ ఇంకొకరికి చేప పెట్టడం నువ్వెప్పుడైనా చూశావా? నీ మీద బెంగ ఇలా రకరకాలుగా బయటపడుతోంది ఇక్కడ.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఎముక రాయి కాదు, వార్యా. అందులో రోజూ కొంత కరుగుతుంది, కరిగినచోట కొత్తది పోసుకుంటుంది. మనం నిలబడ్డప్పుడు, నడిచినప్పుడు పడే బరువే దానికి ‘ఇక్కడ గట్టిగా ఉండాలి’ అని చెబుతుంది. ఆ బరువు తీసేస్తే చెప్పేవాళ్లుండరు. కరగడం సాగుతూనే ఉంటుంది, పోసుకోవడం వెనకబడుతుంది. కట్టు వేసిన కాలు ఎక్స్‌రేలో పలచగా కనబడుతుంది. అంతే.

మంచి వార్త ఏమిటంటే, పోయిన నెల కుక్కకూనల కట్లు విప్పాం. వారం తిరక్కుండా పరిగెత్తాయి. కొద్ది కాలంలోనే ఏ కాలికి కట్టు వేశామో ఎక్స్‌రే చూసి చెప్పలేనంతగా ఎముక నిండింది. కాబట్టి దిగులుపడకు.

కుక్కల్లో ఒకదాని పేరు పూర్గా. గోదాము కాపలా కాసిన ఆడకుక్క, బూడిదరంగు, ఒక చెవి చివర చిరిగి ఉంటుంది. ఆరేళ్లది. కట్టు వేసిన కాలు పైకెత్తుకుని మూడు కాళ్ల మీద తలుపుదాకా వచ్చి నన్ను పలకరిస్తుంది. మిగతావాళ్లని పలకరించదు.

నిన్న సాయంత్రం నీ ట్రాము ఎక్కాను. ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేదు. నీ సీట్లో ఎవరో సన్నగా ఉన్న అమ్మాయి. వంతెన దిగేటప్పుడు నువ్వు గంట రెండుసార్లు మోగించేదానివి కదా, ఆ పిల్ల మోగించలేదు. దిగిపోయి ఇంటికి నడిచొచ్చాను.

నీ,
గ్లేబ్


ఎవ్‌పతోరియా,
1958 జూలై 2

గ్లేబ్,

నీ ఉత్తరం అందింది. ‘నా బంగారూ’ దగ్గర పెలగేయా పిన్ని రెండుసార్లు చదివించుకుంది. తర్వాత కూనల దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది. "ఆగవే. పిల్లకుక్కల సంగతి ఎవరడిగారు? నువ్వేమైనా పాలు తాగే పిల్లవా?"

నాకు ముప్పై ఎనిమిదేళ్లు. నేనూ అదే అడుగుతున్నాను. పూర్గా సంగతేమిటి?

ఊరికే అడగడం లేదు. పోయిన మంగళవారం ఇక్కడ ఒకటి జరిగింది. మా పక్క వార్డులో లుకేరియా అనే ఆవిడ ఉండేది. నెమ్మదస్తురాలు, అల్లికపని చేసుకుంటూ ఉండేది. ఏడాదికి పైగా కట్టులో ఉంది. రోగం నయమైంది, పరీక్షలన్నీ బాగున్నాయి, కట్టు విప్పారు. ఆ సంతోషంలో ఆయా వచ్చేదాకా ఆగకుండా తనే మంచం దిగింది. కాలు మంచం పట్టెకి తట్టుకుందో, ఒట్టినే ఒరిగిందో. పడను కూడా లేదట, మంచం పట్టుకునే ఉందట. తొడ ఎముక విరిగిపోయింది. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు మా గదిలోకి వినబడింది.

నయమైన కాలు, గ్లేబ్. రోగం లేని కాలు.

అప్పట్నుంచీ వార్డులో ఎవరూ లేవడం గురించి మాట్లాడటం లేదు. పెలగేయా పిన్నికి ఈ నెలాఖరుకి కట్టు విప్పాలి. రిమ్మా ఒసిపోవ్నా వచ్చి చెబితే, "నేను విప్పించుకోను" అంది.

"అదేమిటి పెలగేయా? రోగం పోయిందిగా."

"రోగం పోయింది సరే, కాలు ఉందో లేదో ఎవరు చూశారు? ఈ పెంకులో ఉన్నంతసేపూ రెండు కాళ్లున్నాయని నమ్మకం. నన్నిలాగే మా ఊరు పంపెయ్యండి, గడ్డిబండి మీద వేసుకుపోతారు."

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. గోడవైపు తల తిప్పుకుంది. నాకు ఆమె భుజం అందదు, అందితే పట్టుకునేదాన్ని.

అందుకే అడుగుతున్నాను. నీకు తెలిసింది రాయి. మంచిదైనా, చెడ్డదైనా. తెలియక భయపడటం నావల్ల కావడం లేదు.

వార్యా


లెనిన్‌గ్రాడ్,
1958 జూలై 11

వార్యా,

సరే. కూనల సంగతి రాసి పెద్దవాటిది దాటేశాను. నువ్వు పట్టేస్తావని తెలిసీ దాటేశాను.

పెద్ద కుక్కల్లో ఎముక లోపలివైపు నుంచి కరుగుతోంది. బయట చూస్తే కొలత పెద్దగా మారదు. లోపల మూలుగ ఉండే గొట్టం వెడల్పవుతూ, చుట్టూ ఉన్న గోడ పలచబడుతుంది. మొదటి వారాల్లో తొందరగా పోతుంది. తర్వాత నెమ్మదిస్తుంది. ఇంకా కొన్నాళ్లకి, ఇదీ నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది, పోవడం ఒకచోట ఆగుతుంది. ఎముక పూర్తిగా కరిగిపోదు. తక్కువతో సర్దుకుని నిలబడుతుంది. నీది కూడా ఈపాటికి ఆ స్థితికి వచ్చే ఉంటుంది.

పోయినది తిరిగొస్తుందా అంటే, నాకు తెలీదు. దాచడం కాదు. మా దగ్గర ఎవరికీ తెలీదు. కట్టు విప్పిన రోజే పెద్ద కుక్కలన్నిటినీ చంపి ఎముకలు తూకం వెయ్యాలని ప్రణాళికలో ఉంది. వాటిలో ఒక్కటీ మళ్లీ నడిచేదాకా బతకదు.

నిన్న మా పెద్దాయన క్లిమెంతీ ఇవానొవిచ్ దగ్గరికి వెళ్లాను.

"ఒకదాన్నైనా ఉంచుదాం. మళ్లీ నడిపించి చూద్దాం."

"దేనికి?"

"పోయిన ఎముక తిరిగొస్తుందో లేదో తెలుస్తుంది."

"అది వచ్చే ఏడాది పని."

"వచ్చే ఏడాదిదాకా ఆగలేనివాళ్లున్నారు."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "గ్లేబ్, మీ ఆవిడ కుక్క కాదయ్యా" అన్నాడు. ఎగతాళిగా కాదు. జాలిగానే అన్నాడు. అందుకే బయటికొచ్చేశాను.

పూర్గా గది తలుపు దగ్గరే ఉంది. కట్లు విప్పే రోజు దగ్గర పడుతోంది. దాని తల నిమురుతూ నీతో మాట్లాడినట్టు మాట్లాడాను. ఏం మాట్లాడానో రాయను, నవ్వుతావు.

పక్కమీద నీ వైపు ఇంకా నేను పడుకోవడం లేదు. అలవాటు తప్పితే నువ్వొచ్చాక మళ్లీ నేర్చుకోవాలి కదా.

గ్లేబ్


ఎవ్‌పతోరియా,
1958 సెప్టెంబరు 3

గ్లేబ్,

జూలైలో వచ్చిన ఉత్తరమే చివరిది. నేను మూడు రాశాను. ఆగస్టంతా టపా బండి వచ్చినప్పుడల్లా పెలగేయా పిన్ని నావైపు చూడకుండా వేరే ఏదో మాట్లాడటం మొదలుపెట్టేది. పుచ్చకాయల కాలం వచ్చి వెళ్లిపోయింది. ఆయాలు కోసి నోట్లో పెట్టారు, రసం మెడ మీదికి కారితే తుడుచుకున్నాను, నీకు రాయాలనుకున్నాను, రాయలేదు.

నాకు అక్టోబరులో కట్టు విప్పుతారట. సూక్ష్మక్రిములు లేవు, నయమైంది అంటున్నారు.

కుక్కల్ని చంపేశారని రాయడానికి మొహమాటపడుతున్నావా? లేక కుక్కలతో సంబంధం లేని సంగతేమైనా ఉందా? ఉంటే అదీ రాయి. నేను పడుకునే ఉన్నాను, కొత్తగా పడేదేమీ లేదు.

వార్వరా


లెనిన్‌గ్రాడ్,
1958 సెప్టెంబరు 10

నా వార్యా, వార్యూషా,

ఆఖర్న ‘వార్యా’ అని కాక, పరాయివాడికి రాసినట్టు ‘వార్వరా’ అని పూర్తి పేరు పెట్టావు. కొట్టినా బాగుండేది.

కుక్కలతో సంబంధం లేని సంగతేదీ లేదు. రాస్తే తెలియనిదాన్ని తెలిసినట్టు రాయాలి, లేదా భయపెట్టాలి. రెండూ చేతకాక ఊరుకున్నాను. ఇప్పుడు రాయడానికి ఒకటుంది.

పూర్గా మన గదిలో ఉంది. ఈ ఉత్తరం రాస్తుంటే నా చెప్పు మీద గడ్డం ఆనించుకుని పడుకుంది.

కట్లు విప్పే రోజు మిగతావాటిని తీసుకెళ్లారు. దీని వంతు వచ్చేసరికి నేను దాని మెడపట్టీ పట్టుకుని కూర్చున్నాను, లేవలేదు. క్లిమెంతీ ఇవానొవిచ్ వచ్చి చూశాడు. "ఒక్కటి ఉంచుకో. కానీ చోటు లేదు, తిండి కోటా లేదు. ఇంటికి పట్టుకుపో. నెలనెలా ఎక్స్‌రేకి తీసుకురా" అన్నాడు. ఆయన మనసు ఎందుకు మారిందో నేను అడగలేదు. అడిగితే మళ్లీ మారుతుందేమోనని.

ఇక ఇంటి సంగతి. వంటింట్లో పంచాయతీ జరిగింది. ఎమ్మా కార్లోవ్నా గారు చేతులు నడుముకి పెట్టుకుని నిలబడ్డారు. "ఇంతమంది ఉన్న ఇంట్లో కుక్కా! ఏం పని దానికిక్కడ?"

"నడక నేర్చుకోవాలండీ."

"నడక రాని కుక్కా?"

"నాలుగు నెలలు కాలు మోపలేదు. మోపితే విరుగుతుందో నిలుస్తుందో తెలియాలి. వార్యా కోసం."

ఆవిడ పూర్గావైపు చూశారు. అది కాలు పైకెత్తుకుని ఆవిడవైపు చూసింది. "వరండాలో మురికి చేస్తే మాత్రం ఊరుకోను" అన్నారు. ఇప్పుడు రోజూ దానికి ఎముకల పులుసు ఆవిడే కాస్తున్నారు.

కానీ అది కాలు మోపదు. ఎంత బతిమాలినా మోపదు. కట్టు లేదన్న సంగతే దానికి పట్టలేదు. రొమ్ము కింద తువ్వాలు వేసి బరువంతా నేను పట్టుకుని నడిపించినా ఆ కాలు మాత్రం పైనే. ఆగస్టంతా ఇలాగే గడిచింది. నా నడుం పట్టేసింది.

ఆగస్టు ఆఖరి ఆదివారం దాన్ని సెస్త్రొరెత్స్క్ దగ్గర ఒడ్డుకి తీసుకెళ్లాను. నీకు తెలుసుగా, అక్కడ సముద్రం లోతు ఉండదు, ఎంత దూరం వెళ్లినా మోకాలే. నేను బూట్లు విప్పి నీళ్లలోకి నడిచాను. అది నా వెనకే వచ్చింది. పొట్ట తడిసింది, రొమ్ము తడిసింది. చూస్తే వార్యా, నాలుగు కాళ్లతో నడుస్తోంది! నీళ్లు బరువు మోస్తున్నాయి కదా, కాలికి భయం లేదు. దానికే తెలియకుండా మోపేసింది. ఒడ్డుకి రాగానే మళ్లీ ఎత్తేసింది. మళ్లీ నీళ్లలోకి తీసుకెళ్లాను. సాయంత్రందాకా అదే పని. ఇద్దరం వణుకుతూ రైలెక్కాం.

ఇప్పుడు రోజూ వెళ్తున్నాం. మెల్లగా తక్కువ నీళ్లలోకి తెస్తున్నాను. నిన్న పాదం తడిసేంత నీళ్లలో నడిచింది.

రిమ్మా ఒసిపోవ్నా గారికి విడిగా ఒక ఉత్తరం రాశాను. మీ దగ్గర వేడిచేసిన సముద్రపు నీటి కొలను ఉందన్నావుగా. నిన్ను ముందు నేల మీద నిలబెట్టవద్దని, గొంతులోతు నీళ్లలో నిలబెట్టి, వారాల తరబడి కొంచెం కొంచెంగా పైకి తేవాలని వేడుకున్నాను. తప్పుగా అనుకుంటారేమో, కానీ రాశాను.

నువ్వు కొలనులో దిగే రోజు నేనక్కడ లేను. ఎవరో ఒకరి చెయ్యి గట్టిగా పట్టుకో.

నీ,
గ్లేబ్


ఎవ్‌పతోరియా,
1958 నవంబరు 23

గ్లేబ్, నా గ్లేబూష్కా,

నిలబడ్డాను!

వరసగా చెబుతాను. నీ ఉత్తరం రిమ్మా ఒసిపోవ్నా వార్డులో చదివింది, మా అందరి ముందూ. "ఒక కుక్కల వైద్యుడు నాకు పాఠం చెబుతున్నాడు" అంది. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "కొలను సంగతి నాకూ మనసులో ఉండేది. లుకేరియా తర్వాత రోజూ అదే ఆలోచన. సరే, చూద్దాం" అంది.

అక్టోబరులో కట్టు కోశారు. కింద నుంచి నా కాలు బయటపడింది. అది నా కాలు అనుకోలేదు. తెల్లగా, సన్నగా, ఎవరిదో చిన్నపిల్లది తెచ్చి నాకు తగిలించినట్టు ఉంది. ఏడ్చాను. ఎక్స్‌రే చూపించమంటే రిమ్మా చూపించింది. ఎముక ఉండాల్సినచోట లేసు అల్లినట్టు ఉంది. నువ్వు రాసి ఉండకపోతే అక్కడే మూర్ఛపోయేదాన్ని. కానీ ‘ఒకచోట ఆగుతుంది’ అన్నావుగా. ఆగింది, ఇదే ఆ చోటు అనుకున్నాను.

కొలనులోకి పట్టీ ఉయ్యాలలో వేసి దించారు. నీళ్లు గోరువెచ్చగా, ఉప్పగా. గొంతుదాకా వచ్చాక పాదం కింద ఏదో తగిలింది. నేల! గ్లేబ్, ఏడాది తర్వాత నా అరికాలు కింద నేల! పొంగిపోయి అరిచాను. ఆయా హడలిపోయి "నొప్పా?" అంది. "కాదు, నేల!" అన్నాను.

పెలగేయా పిన్ని కొలను గట్టున చక్రాల మంచం మీద నుంచి చూస్తోంది. ఆమె కట్టు అప్పటికీ విప్పించుకోలేదు. "ఎలా ఉందే?" అని అడిగింది.

"గట్టిగా ఉంది పిన్నీ, రాయి కదా."

"విరిగేట్టు ఉందా?"

"లేదు."

చాలాసేపు నీళ్లనే చూసింది. మర్నాడు డాక్టర్ని పిలిపించి, "నా పెంకు పగలగొట్టండి" అంది. ఇప్పుడు ఇద్దరం ఎదురెదురుగా రొమ్ములోతు నీళ్లలో నిలబడి చేతులు పట్టుకుంటాం. ఆమె నన్ను చూసి, "నిన్ను చూస్తే ఊళ్లో వాగు దగ్గర బట్టలుతికే రోజులు గుర్తొస్తున్నాయి" అని ఒకటే నవ్వు.

ఇంకా రొమ్ములోతులోనే ఉన్నాను. కాలు కొంచెం మొండికేస్తోంది, అది మామూలేనట. తొందరపెట్టడం లేదు.

నీళ్లలో నిలబడ్డప్పుడు నీవైపు తిరిగి నిలబడతాను. ఉత్తర దిక్కు ఎటో ఆయాని అడిగి తెలుసుకున్నాను. పూర్గా ఎలా ఉంది? ఎక్స్‌రే ఏమంటోంది?

నీ దగ్గరికి నడిచి రావాల్సిన,
వార్యా


లెనిన్‌గ్రాడ్,
1959 ఫిబ్రవరి 26

ప్రియమైన వార్యా,

నడుములోతు దాటి, మోకాలిలోతు దాటి, గట్టు మీద చేతికర్రతో నడుస్తున్నావని చదివాక ఆ ఉత్తరం ఎమ్మా కార్లోవ్నా గారికి ఇచ్చాను. ఆవిడ ఉల్లిపాయల వంక పెట్టి కళ్లు తుడుచుకున్నారు. అప్పుడక్కడ ఉల్లిపాయలు లేవు.

ట్రాము డిపోకి వెళ్లాను. నీ పని అట్టే పెట్టామన్నారు. మార్చిలో నిన్ను ఇంటికి పంపిస్తారు కదా, తీసుకురావడానికి నేనే వస్తాను.

పూర్గా ఎక్స్‌రేలు అడిగావు. ఆరుసార్లు తీశాం. పోయినదాంట్లో సగానికి పైగా తిరిగొచ్చింది, అంతా రాలేదు. గోడ మందమైంది. లోపలి గొట్టం మాత్రం వెడల్పయింది వెడల్పుగానే ఉండిపోయింది. కూనల్లో జరిగినట్టు జరగలేదు. ఈ నెలకీ పోయిన నెలకీ తేడా లేదు, ఇక రాదేమో. కానీ నాలుగు కాళ్ల మీద నడుస్తోంది. మెట్లన్నీ నాకంటే ముందే ఎక్కి, పైనుంచి నన్ను చూసి మొరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న క్లిమెంతీ ఇవానొవిచ్ పిలిచాడు. ఎక్స్‌రే నీడ మాత్రమే, ఎముక తీసి తూకం వేసి కోసి చూస్తేగాని ఎవరూ నమ్మరు అన్నాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. నేను రాస్తున్న సిద్ధాంత వ్యాసం అంతా ఆ ఒక్క ఎముక మీదే ఆధారపడి ఉంది. పెద్ద వయసులో పోయిన ఎముక ఎంత తిరిగొస్తుందో అంకెలతో చెప్పగలిగితే, లుకేరియా లాంటివాళ్లు ఎందరికో పనికొస్తుంది. ఇదంతా నాకు తెలుసు. అందుకే వచ్చే సోమవారం దాన్ని తీసుకెళ్తానని ఒప్పుకున్నాను.

ఒప్పుకుని ఇంటికొచ్చి తలుపు తీశాను. అది తోక ఊపుతూ ఎదురొచ్చింది.

నువ్వుంటే ఏం చెయ్యమంటావో అడిగేవాణ్ని. ఉత్తరం నీకు చేరి, జవాబు నాకు చేరేసరికి సోమవారం దాటిపోతుంది. ఇంత దూరం మన మధ్య ఎప్పుడూ ఇంత బరువుగా అనిపించలేదు.

నీ గ్లేబ్


లెనిన్‌గ్రాడ్,
1959 మార్చి 5

నా ప్రియమైన గ్లేబ్‌కి,

పైన ఊరి పేరు చూసి కంగారుపడకు. సరిగ్గానే చదివావు. నేను మన గదిలో, మన కిటికీ దగ్గర నిలబడి రాస్తున్నాను. నువ్వు నన్ను తీసుకురావడానికి ఎవ్‌పతోరియా వెళ్లావు. మన రైళ్లు దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. విమానం టపాలో వేస్తున్నాను. ఇద్దరికీ అని నువ్వు తీసుకున్న తిరుగు టిక్కెట్లు వచ్చే బుధవారానికని ఎమ్మా కార్లోవ్నా గారు చెప్పారు కాబట్టి ఈలోగా నీకు అందుతుంది.

పోయిన వారం నువ్వు వేశావని ఎమ్మా కార్లోవ్నా గారు చెప్పిన ఉత్తరం నాకు రాకముందే బయల్దేరాను. నీకు చెప్పకుండా ఎందుకొచ్చానో రిమ్మా ఒసిపోవ్నా ఈపాటికి చెప్పే ఉంటుంది. కానీ నా నోటి నుంచి నువ్వు వినాలి. నా తుంటి కీలు అతుక్కుపోయింది, గ్లేబ్. క్షయ నయమైతే అలాగే నయమవుతుందట. ఎముక నా బరువు మోస్తోంది, కానీ కాలు ఇక వంగదు. కురచయింది కూడా. బూటు అడుగున మందంగా తోలు వేశారు. కుర్చీ అంచున వాలగలను గానీ నువ్వెరిగినట్టు కూర్చోలేను. ట్రాము సీట్లో అసలే కూర్చోలేను. డిపోవాళ్లకి నేనే ఆ సీటు ఆ సన్నటి అమ్మాయికే ఇచ్చెయ్యమని చెబుతాను. ఆ మాట రాయడానికి పొద్దుట్నుంచీ కిటికీ దగ్గర నిలబడ్డాను.

నువ్వు స్టేషనులో నన్ను రైలు మెట్ల మీంచి ఎత్తి దించుతావని నాకు తెలుసు. ఎత్తుకునే తెస్తావు. అలా రావడం నాకిష్టం లేకపోయింది. నువ్వు మొదటిసారి చూసేటప్పటికి నేను నా ఇంట్లో నా కాళ్ల మీద ఉండాలనిపించింది. అందుకే పెలగేయా పిన్నితో కలిసి సింఫెరొపోల్ దాకా వచ్చాను. అక్కడ ఆమె తన ఊరి బస్సెక్కింది, నేను రైలెక్కాను. బస్సు మెట్టు తనే ఎక్కింది. కండక్టరు చెయ్యి అందిస్తే, "ముట్టుకోకు, ఇప్పుడే బాగుపడ్డాను" అంది.

రైల్లో పడుకోమంటే పడుకోలేదు. పడుకోవడం ఇక చాలు. నడవాలో కిటికీ పట్టుకుని నిలబడి మంచునీ, పొలాలనీ చూస్తూ వచ్చాను. ప్రతి స్టేషనులోనూ దిగి నీ దగ్గరికి పరిగెత్తాలనిపించేది, ఈ కాలితో.

టాక్సీ అతను "పైదాకా సాయం రానా అమ్మా?" అన్నాడు. పెట్టె మాత్రం తెమ్మన్నాను. మన మెట్లు ఎప్పుడూ ఇన్ని లేవు. మంచికాలు ముందు, మొండికాలు వెనక. ప్రతి అంతస్తులోనూ కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఎవరో తలుపులు తీసి చూశారు, ఎవరో "వార్వరా వచ్చిందర్రా!" అని కేకేశారు. పై అంతస్తుకి వచ్చేసరికి చెమటతో కోటు తడిసిపోయింది. అప్పుడు లోపల నుంచి కుక్క మొరిగింది.

పూర్గాని ఇచ్చేస్తానని నువ్వు రాసిన ఉత్తరం సంగతి నాకు అప్పటికి తెలీదు. అది ఎవ్‌పతోరియాలో ఇప్పుడు నీ చేతికే అందుతుంది కాబోలు. కాబట్టి ఆ మొరుగుడు నాకు మామూలుగానే వినబడింది. ఎమ్మా కార్లోవ్నా గారు తలుపు తీసి నన్ను చూసి గుమ్మంలోనే కూలబడ్డారు. "అయ్యో, ఆయన నీకోసం నిన్ననే వెళ్లాడే తల్లీ!" ఆవిడ్ని నేను లేపాల్సి వచ్చింది.

తర్వాత టీ పోస్తూ సోమవారం సంగతి చెప్పారు. నువ్వు పొద్దున్నే పూర్గాని తీసుకుని వెళ్లావట. ఆవిడ దానికి ముందురోజు మాంసం తినిపించి, వీడ్కోలు చెప్పలేక గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారట. మధ్యాహ్నం వంటింట్లో ఉండగా మెట్ల మీద గోళ్ల చప్పుడు వినబడింది. "ఏమయింది?" అని అడిగితే నువ్వు, "నావల్ల కాలేదండీ. ఇవ్వనని చెప్పాను" అన్నావట.

"మరి మీ వ్యాసం?"

"లేదు."

"ఉద్యోగం?"

"గుర్రాల ఆసుపత్రిలో మనిషి కావాలట. వచ్చే నెల నుంచి."

ఆవిడ నిన్ను బాగా తిట్టారట. తిట్టి, పూర్గాకి మిగిలిన మాంసం కూడా పెట్టేశారట. ఇది చెబుతూ నాకు నాలుగోసారి టీ పోశారు.

గ్లేబ్, నువ్వు పోగొట్టుకున్నది చిన్నది కాదని నాకు తెలుసు. లుకేరియాకి తిరిగి కట్టు వేసి మా వార్డు ముందు నుంచి తోసుకెళ్తుంటే ఆమె మొహం చూసినదాన్ని. ఆ అంకెలు ఎవరికో కావాలి. నువ్వు చేసింది ఒప్పని నేను చెప్పలేను. నేనైనా అదే చేసేదాన్నని మాత్రం చెప్పగలను.

పూర్గా మొదట నన్ను దగ్గరికి రానివ్వలేదు. నీ దిండు తనదన్నట్టు దానిమీద పడుకుని చూసింది. సాయంత్రం నేను చేతికర్ర తీసుకుని గదిలో అటూ ఇటూ నడుస్తుంటే లేచి వచ్చి పక్కన నడవడం మొదలుపెట్టింది. ఇప్పుడు నేను ఆగితే ఆగుతుంది.

నీకోసం ఈ గదిలో ఎదురుచూడటం ఎంత కష్టమో ఇన్నాళ్లూ నువ్వు రాయనేలేదు. నీ కోటు మేకుకి లేదు. కప్పు కడిగి బోర్లించి ఉంది. అన్నీ ఉన్నాయి, నువ్వు లేవు. ఇసుక మీద పడుకుని బెంగపడటమే నయం.

రిమ్మా ఒసిపోవ్నా గారికి నా నమస్కారం చెప్పు. త్వరగా రా. వచ్చాక నీ తాళంచెవి వాడకు. గంట కొట్టు. మన గది నుంచి బయటి తలుపు దాకా వరండా పొడుగు నీకు తెలుసుగా, నాకు కాస్త సేపు పడుతుంది. రెండోసారి కొట్టకు. వస్తూ ఉంటాను.

నీ,
వార్యా